రాతికీ రుచికీ మధ్య: ఆల్సాస్ ద్రాక్షతోటల దారి

ఫ్రాన్సు దేశపు ఈశాన్య అంచున, పడమట వోజ్ పర్వతాలకూ తూర్పున రైన్ నదికీ నడుమ, ఉత్తర దక్షిణాలుగా సన్నగా సాగిన ప్రాంతం ఆల్సాస్. ఇక్కడి ద్రాక్షతోటల్లో అధిక భాగం కొండ దిగి మైదానంలో కలిసే వాలు మీద, సముద్రమట్టానికి సుమారు 200 నుంచి 400 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. ఆ వాలు వెంట ఊరూరా మలుపులు తిరుగుతూ దక్షిణాన తాన్ పట్టణాన్నీ ఉత్తరాన మార్లెన్‌హైమ్‌నూ కలిపే సుమారు 170 కిలోమీటర్ల మార్గాన్ని 1953లో ‘వైన్ల దారి’గా ప్రారంభించారు. రెండు మూడు రోజుల్లో ముగించగల ఈ దారిలో ప్రయాణికుడి కాలి కింద గ్రానైట్, అగ్నిపర్వత శిల, ఇసుకరాయి, సున్నపురాయి, జిప్సం కలిసిన బంకమన్ను, పలకరాయి, గాలి మోసుకొచ్చి పరచిన మెత్తటి మట్టి ఒకదాని తర్వాత ఒకటి మారిపోతుంటాయి. ఒక్క ఊరి పొలిమేరలోనే నాలుగైదు రకాల నేలలు ఉండడం ఇక్కడ వింత కాదు. ఇంతటి భూవైవిధ్యం ఇంత తక్కువ దూరంలో కనిపించే వైన్ ప్రాంతాలు ప్రపంచంలో అరుదు.

రుచి చూసేవారికి ఇక్కడ మరో సౌలభ్యం కూడా ఉంది. ఫ్రాన్సులో చాలా ప్రాంతాల వైన్లు ఊరి పేరుతోనో తోట పేరుతోనో అమ్ముడవుతుండగా, ఆల్సాస్‌లో సీసా మీద ద్రాక్ష రకం పేరు వేయడం ఆనవాయితీ. తయారయ్యే వైన్లలో నూటికి తొంభై వరకు తెల్లవే. వాటిని కొత్త ఓక్ పీపాల్లో నిలవ ఉంచి చెక్క వాసన పట్టించే అలవాటు కూడా తక్కువ. తరతరాలుగా వాడుతున్న పెద్ద పీపాల లోపలి గోడలకు టార్టారిక్ ఆమ్లపు లవణాలు పెచ్చుకట్టి, చెక్కకూ వైన్‌కూ మధ్య అడ్డుగా నిలుస్తాయి. అందువల్ల ఒకే సాగుదారు, ఒకే ఏడాదిలో, ఒకే రకం ద్రాక్షతో, వేర్వేరు రాళ్ల మీది తోటల నుంచి తీసిన వైన్లను పక్కపక్కన పెట్టి పోల్చే వీలు కలుగుతుంది. రుచిని నేల నిర్ణయిస్తుందా, నిర్ణయిస్తే ఏ మార్గంలో నిర్ణయిస్తుంది అన్న ప్రశ్నకు ఇది ప్రకృతి అమర్చిపెట్టిన ప్రయోగశాల. వైన్ రుచి చూపించే గదుల్లో సాధారణంగా వినిపించే సమాధానం సూటిగా ఉంటుంది: గ్రానైట్ మీద పెరిగిన తీగ గ్రానైట్ రుచినీ, సున్నపురాయి మీద పెరిగిన తీగ సున్నపు రుచినీ వేళ్లతో పీల్చి పండులోకి పంపుతుందని అక్కడ చెబుతారు. శాస్త్ర పరిశోధనలు చూపుతున్న మార్గం మాత్రం ఇంత సూటిది కాదు. అది నీటి గుండా, వేడి గుండా, తీగ జన్యువుల గుండా, చివరకు రుచి చూసే మనిషి మెదడు గుండా సాగే చుట్టుదారి.

ఇన్ని రాళ్లు ఒకచోట చేరడానికి కారణం భూమి చీలిక. సుమారు మూడున్నర నుంచి నాలుగు కోట్ల సంవత్సరాల కిందట ఐరోపా భూపటలం ఇక్కడ తూర్పు పడమరలుగా సాగి పలచబడింది. నడిమి భాగం కుంగిపోయి, స్విట్జర్లాండులోని బాజెల్ నుంచి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ పరిసరాల దాకా సుమారు 300 కిలోమీటర్ల పొడవు, 30 నుంచి 40 కిలోమీటర్ల వెడల్పుతో ఒక చీలిక లోయ ఏర్పడింది. రెండు సమాంతర భ్రంశాల మధ్య, అంటే నేల విరిగి జారిన పగుళ్ల మధ్య, దిగబడిన పొడవాటి పల్లాన్ని చీలిక లోయ అంటారు. తెలంగాణలో సింగరేణి బొగ్గుకు ఆధారమైన ప్రాణహిత–గోదావరి లోయ కూడా ఈ జాతికి చెందినదే గాని వయసులో రైన్ లోయ కంటే అనేక రెట్లు పాతది. రైన్ లోయ కుంగినప్పుడు దాని రెండు గట్లు పైకి లేచి, పడమట వోజ్ పర్వతాలుగా, తూర్పున జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్‌గా మిగిలాయి. ద్రాక్షతోటలు పరుచుకున్న వాలు సరిగ్గా ఆ విరిగిన గీత మీద ఉంది. అక్కడ నేల ఒక్క పగులుతో ఆగక వందలాది చిన్న చిన్న ముక్కలుగా చితికి, ఒక ముక్క ఎక్కువగా, పక్క ముక్క తక్కువగా జారడం వల్ల, సుమారు 25 కోట్ల సంవత్సరాల నాటి ఇసుకరాయి, దాని మీద పేరుకున్న సముద్రపు సున్నపురాయి, ఇంకా పైనుండే బంకమన్ను పొరలు, అన్నింటికీ అడుగున ఉండవలసిన గ్రానైట్ ఇప్పుడు పక్కపక్క కమతాలలో ఉపరితలానికి వచ్చి ఉన్నాయి. స్ట్రాస్‌బూర్గ్ మహాదేవాలయాన్ని కట్టిన గులాబి రంగు రాయి ఈ ఇసుకరాయే.

పర్వతం చేసిన మేలు రాళ్లతో ఆగలేదు. అట్లాంటిక్ మహాసముద్రం నుంచి వచ్చే తేమగాలులు వోజ్ శ్రేణిని ఎక్కేటప్పుడు చల్లబడి పడమటి వాలు మీదా శిఖరాల మీదా వర్షించేస్తాయి. 1424 మీటర్ల ఎత్తున్న గ్రాఁ బలోఁ శిఖరం ఈ శ్రేణిలో అత్యున్నతమైనది. శిఖర ప్రాంతాల్లో ఏడాదికి 2000 మిల్లీమీటర్లు మించి వాన పడే చోట్లు ఉండగా, తూర్పు వైపు కొద్ది దూరంలోనే ఉన్న కోల్మార్ పట్టణంలో వర్షపాతం 550–600 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. పర్వతం అడ్డం నిలిచి వానను ఆపినప్పుడు దాని చాటున ఏర్పడే ఈ పొడి భూమిని వర్షచ్ఛాయా ప్రాంతం అంటారు. పడమటి కనుమల చాటున ఉన్న అనంతపురం జిల్లాను ఎండగట్టింది కూడా ఇదే యంత్రాంగం, అక్కడి సగటు వర్షపాతం కూడా ఇంచుమించు ఇంతే. అయితే ఆల్సాస్‌లో ఎండ తీవ్రత తక్కువ కాబట్టి అదే వాన తీగకు చాలినంతగా ఉంటుంది. వానలు తక్కువైన శరదృతువు సుదీర్ఘంగా, ఎండగా సాగి, పండు నిదానంగా పక్వానికి రావడానికి వీలు కల్పిస్తుంది. పగటి ఎండ చక్కెరను పెంచుతుంటే, కొండ మీది నుంచి దిగే రాత్రి చలి ఆమ్లాన్ని కాపాడుతుంది. ద్రాక్షలోని రెండు ప్రధాన ఆమ్లాలలో మాలిక్ ఆమ్లాన్ని పండు వేడి వేళల్లో శ్వాసక్రియకు ఖర్చు చేసుకుంటుంది. టార్టారిక్ ఆమ్లం దాదాపు కదలకుండా నిలుస్తుంది. ఉత్తరాది తెల్లవైన్లలో నాలుకను జివ్వుమనిపించే పులుపు చలిరాత్రులు మిగిల్చిన ఆమ్లమే.

దక్షిణం నుంచి బయలుదేరే ప్రయాణికుడికి మొదటగా ఎదురయ్యేది తాన్ ఊరి మీద, తూర్ నదీతీరాన గోడలా నిలిచిన రాంగెన్ కొండ. ఆల్సాస్‌లో ‘గ్రాండ్ క్రూ’ హోదా, అంటే చట్టం ప్రత్యేకంగా సరిహద్దులు గీసి గుర్తించిన మేటి తోటల హోదా, పొందిన 51 స్థలాలలో అన్నిటికంటే దక్షిణాన ఉన్నదీ, నిటారుగా ఉన్న వాటిలో ఒకటీ ఇదే. దీని నేలను అగ్నిపర్వత నేల అనడం వినగానే వేడి లావా స్ఫురిస్తుంది గాని, ఇక్కడి ముదురు రంగు రాళ్లు ముప్పై కోట్ల సంవత్సరాలకు పైబడిన కాలంలో ఆరిపోయిన అగ్నిపర్వతాల బూడిద, రాళ్లు, సముద్రపు అవక్షేపాలతో కలిసి గట్టిపడినవి. వాటిలో అగ్ని ఏనాడో చల్లారింది. రాంగెన్ వైన్లలో కొందరికి పొగ, చకుముకి గుర్తుకు రావడం నిజమే. అయితే ఆ వాసనకూ ఆ ప్రాచీన అగ్నికీ నేరు సంబంధం కల్పించడానికి ఆధారం లేదు. దానికంటే నమ్మదగిన వివరణలు కొండ మీదే కనిపిస్తాయి. నేరుగా దక్షిణానికి తిరిగిన ఏటవాలు కావడంతో సూర్యకిరణాలు దాదాపు నిలువుగా తగులుతాయి. నల్లని రాళ్లు పగలు వేడిని పీల్చుకుని సాయంత్రం విడుదల చేస్తాయి. మట్టి పలచగా ఉండడంతో నీరు నిలవదు. పర్వతానికి మరీ దగ్గరగా, మిగతా తోటల కంటే ఎత్తుగా ఉండి చల్లగాలి తగిలే ఈ చోట పండు పక్వానికి రాగలుగుతున్నది ఈ వేడి వల్లనే.

రాతిలోని ఖనిజం వేరులోంచి గ్లాసులోకి వస్తుందన్న నమ్మకాన్ని ఇక్కడే ఆగి పరీక్షించడం మంచిది. గ్రానైట్‌లోని క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ వంటి ఖనిజాలు నీటిలో సులభంగా కరగని స్ఫటికాలు. వేరు రాతిని తినలేదు, మట్టినీటిలో కరిగిన పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం వంటి అయాన్లను, అంటే విద్యుదావేశం గల పరమాణువులను మాత్రమే తీసుకోగలదు. వాటిలోనూ ఏది ఎంత కావాలో వేరు పొరలు చాలావరకు నియంత్రిస్తాయి. ఆ పోషకాల్లో పెద్ద వాటా కుళ్లిన సేంద్రియ పదార్థం నుంచి, ఎరువుల నుంచి వస్తుంది. ఆ తర్వాత రసం పులిసేటప్పుడు ఈస్ట్ కొన్ని అయాన్లను వాడుకుంటుంది, కొన్ని లవణాలుగా అడుగున దిగిపోతాయి. చివరకు వైన్‌లో మిగిలే అకర్బన పదార్థం లీటరుకు కొద్ది గ్రాములు. అందులో అన్నిటికంటే ఎక్కువగా ఉండే పొటాషియం లీటరుకు సుమారు ఒక గ్రాము. తక్కినవి నాలుక గుర్తించగల పరిమాణానికి చాలా తక్కువ. వేల్స్‌లోని ఆబెరిస్ట్‌విత్ విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞానం బోధించిన అలెక్స్ మాల్ట్‌మన్ 2018లో తోటలు, రాళ్లు, నేలల మీద వెలువరించిన గ్రంథంలో ఈ విషయాన్ని ఓపికగా విడమరచి చెప్పాడు: రాయికి రుచి లేదు, వాసన లేదు, ఉన్నట్టు తోచేది రాతి మీద చేరిన మరొక పదార్థానిది. తొలకరి చినుకు పడగానే లేచే మట్టివాసన ఇందుకు మంచి సాక్ష్యం. 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దానికి పెట్రికోర్ అని పేరు పెట్టి, ఎండిన నేలా రాళ్లూ పట్టి ఉంచుకున్న నూనెల నుంచి అది వెలువడుతుందని చూపారు. అందులో కలిసే జియోస్మిన్ అనే పదార్థాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. చకుముకి కొట్టిన వాసన కూడా ఇలాంటిదే. గంధకం ఉన్న బెంజీన్‌మీథేన్‌థయోల్ అనే సంయోగపదార్థాన్ని కొన్ని తెల్లవైన్లలో గుర్తించిన బోర్డో పరిశోధకులు ఆ పొగవాసనకు దాన్ని ఒక కారణంగా చూపారు. అలాంటి గంధక పదార్థాలు రూపొందడంలో నేలలోని చకుముకి కంటే వైన్ పులిసే, నిలవ ఉండే తీరుకే ప్రమేయం ఎక్కువ.

పొటాషియం ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఆల్సాస్ భూగర్భం ఆ మూలకానికి పుట్టిల్లన్న సంగతి చెప్పుకోవాలి. కుంగిన లోయలోకి వచ్చిన సముద్రపు నీరు ఇంకిపోయి వదిలిన ఉప్పు పొరల్లో పొటాష్ నిక్షేపాలు ఉన్నాయని ములూజ్ పట్టణ పరిసరాల్లో 1904లో తవ్వకాలు బయటపెట్టాయి. దాదాపు ఒక శతాబ్దం పాటు సాగిన గనులు 2002లో మూతపడ్డాయి. ఎరువు రూపంలో ఈ పొటాషియం నేలలో మితిమీరితే తీగ దాన్ని అవసరానికి మించి తీసుకుంటుంది. పండులో అది టార్టారిక్ ఆమ్లంతో జతకట్టి లవణంగా మారి, వైన్ పులుపును తగ్గిస్తుంది. పెద్ద పీపాల లోపల పెచ్చుకట్టేది ఈ లవణమే. నేలలోని ఒక ఖనిజం రుచిని మార్చినట్టు నిస్సందేహంగా చూపగల కొద్ది ఉదాహరణల్లో ఇది ఒకటి. ఇక్కడ కూడా పొటాషియం తన రుచిని వైన్‌కు ఇవ్వడం లేదు, ఉన్న రుచిని సవరిస్తున్నది.

నేల తన ప్రభావాన్ని ప్రధానంగా చూపేది నీటి ద్వారా. బోర్డో విశ్వవిద్యాలయపు నేల శాస్త్రవేత్త జెరార్ సెగాఁ గత శతాబ్దపు రెండో సగంలో మెడాక్ ప్రాంతపు ప్రఖ్యాత తోటల నేలలను తవ్వి పరిశీలించి, వాటి రసాయన స్వభావంలో పొందిక కనిపించలేదనీ, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న గుణం తీగకు నీటిని మితంగా, ఒడిదుడుకులు లేకుండా అందించడమేననీ చూపాడు. ఆ బాటలోనే కోర్నెలిస్ వాన్ లేవెన్, ఆయన సహచరులు సెంట్ ఎమిలియోఁలో మూడు నేలలు, మూడు ద్రాక్ష రకాలు, ఐదు సంవత్సరాల మీద చేసిన పరిశోధనను 2004లో ప్రచురించారు. ఏటి వాతావరణం, నేల కలిగించే తేడాలు ద్రాక్ష రకం కలిగించే తేడాల కంటే పెద్దవనీ, ఆ రెండింటి ప్రభావంలో అధిక భాగం తీగ నీటి స్థితి గుండానే నడుస్తుందనీ తేలింది. నీరు కొద్దిగా తగ్గినప్పుడు తీగ కొమ్మలు సాచడం ఆపి, కిరణజన్య సంయోగక్రియలో తయారైన చక్కెరను పండ్లకు పంపుతుంది. పండ్లు చిన్నవిగా ఉండి, రసంతో పోలిస్తే తొక్క పాలు పెరుగుతుంది, వాసనలకు మూలమైన పదార్థాలు ఎక్కువగా తొక్కలోనే ఉంటాయి. నీరు మరీ తగ్గితే ఆకు పత్రరంధ్రాలను మూసుకుని, పండు పండకుండానే వాడిపోతుంది.

కోల్మార్‌కు వాయవ్యంగా కైజర్స్‌బెర్గ్, కీంట్‌జ్‌హైమ్ ఊళ్ల మీద మెట్లుమెట్లుగా లేచే ష్లోస్‌బెర్గ్ కొండకు వచ్చేసరికి ఈ సిద్ధాంతం కంటికి కనిపిస్తుంది. 1975లో ఆల్సాస్‌లో గ్రాండ్ క్రూ హోదా మొదట దక్కింది ఈ తోటకే. సుమారు 80 హెక్టార్లతో విస్తీర్ణంలోనూ ఇదే అన్నిటికంటే పెద్దది. గ్రానైట్ ఇక్కడ శిథిలమై ముతక ఇసుకగా, తెలుగునాట గరుసు అనే మట్టిని పోలిన నేలగా మారింది. వాన నీరు దానిలోంచి వెంటనే దిగిపోతుంది, వసంతంలో అది త్వరగా వేడెక్కుతుంది, పండు కాస్త ముందుగా పండుతుంది. ఇక్కడి రీస్లింగ్ వైన్లు తొలి ఏళ్లలోనే పూల వాసనతో, సన్నని పులుపుతో విచ్చుకుంటాయని సాగుదార్ల అనుభవం. అక్కడి నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఉనావీర్ ఊరి వద్ద ఉన్న రోజాకెర్ తోటది సున్నపురాయి, బంకమన్ను కలిసిన నేల. అది నీటిని పట్టి ఉంచుతుంది, వేసవిలో కూడా చల్లగా ఉంటుంది, పక్వం ఆలస్యమవుతుంది. అదే రీస్లింగ్ ఇక్కడ మొదట్లో ముభావంగా, పులుపు బిగువుగా ఉండి, కొన్నేళ్లు నిలవ ఉంచితే గాని తెరుచుకోదు. ఆ రెండు గ్లాసులను ఒకేసారి ముందు పెట్టుకుని చూసినవారికి తేడా స్పష్టంగానే తెలుస్తుంది. ఆ తేడాను కొట్టిపారేయవలసిన పని లేదు. గ్రానైట్, సున్నం అనే పదార్థాల రుచికి బదులు, నీరు ఎంత వేగంగా దిగింది, వేరు ఎంత వెచ్చగా ఉంది, పండు ఏ వారంలో పండింది అన్న మూడు లెక్కలతో దాన్ని చదువుకోవాలి.

సున్నపు నేలతో తీగకు మరొక తగాదా కూడా ఉంది. నేలలో కాల్షియం కార్బొనేట్ ఎక్కువైతే ఇనుము తీగకు అందుబాటులో లేని రూపంలోకి మారి, ఆకులు పసుపు పచ్చగా పాలిపోతాయి. పందొమ్మిదో శతాబ్దపు చివర ఫిలాక్సెరా అనే వేరు పురుగు ఐరోపా తోటలను నాశనం చేసిన తర్వాత, దాన్ని తట్టుకోగల అమెరికా జాతుల వేరు మొక్కల మీద ఐరోపా రకాలను అంటు కట్టడం తప్పనిసరి అయింది. కానీ అమెరికా జాతుల్లో చాలా వాటికి సున్నం పడదు. అందుకే సున్నాన్ని తట్టుకునేలా సంకరం చేసిన వేరు మొక్కలను ఎంచుకోవలసి వచ్చింది. నేలలోని తేడాను వేళ్ల ద్వారా నేరుగా రుచి చూస్తున్నామని భావించేవారు, ఆ వేళ్లు మరొక ఖండపు జాతివనీ వాటిని మనిషే ఏరి కూర్చాడనీ గమనించాలి.

నేల ప్రభావం ఎంత ఉన్నా, తొలిసారి రుచి చూసేవారిని ముందుగా తాకేది రకాల మధ్య ఉన్న తేడా. ఆల్సాస్‌లో ప్రధానంగా రీస్లింగ్, గెవుర్జ్‌ట్రమినెర్, పినో గ్రి, పినో బ్లాఁ, మస్కా, సిల్వనెర్, ఎర్రవైన్‌కు పినో నువార్ పండిస్తారు. గులాబి రంగు తొక్క గల గెవుర్జ్‌ట్రమినెర్ గ్లాసును ముక్కు దగ్గరకు తీసుకోగానే లీచీ పండు, గులాబి గుర్తుకు వస్తాయి. ఇది కవితా ధోరణి కాదు. రోజ్ ఆక్సైడ్ అనే సుగంధ పదార్థం లీచీలోనూ ఈ వైన్‌లోనూ కీలకమైన వాసనగా ఉందని 1999లో అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. మస్కాలో వచ్చే తాజా ద్రాక్ష, పూల వాసనకు లినలూల్, జెరానియోల్ వంటి టర్పీన్లు కారణం. పూలలోనూ ఆకులలోనూ సుగంధాన్ని కలిగించే రసాయనాల కుటుంబమే అది. రీస్లింగ్‌ది వేరే కథ. పండులో కెరోటినాయిడ్లుగా ఉన్న పసుపు వర్ణకాలు విడిపోగా మిగిలిన శకలాల నుంచి, వైన్ నిలవ ఉన్న కొద్దీ టీడీఎన్ అనే పదార్థం నెమ్మదిగా తయారవుతుంది. దాని వాసన కిరోసిన్‌ను పోలి ఉంటుంది. ఎండ బాగా తగిలిన గుత్తుల్లో ఇది ఎక్కువగా పుడుతుంది కాబట్టి, పాత రీస్లింగ్‌లో కిరోసిన్ ఛాయ కనిపించినప్పుడు దాన్ని రాతికి అంటగట్టే ముందు ఆకుల నీడ ఎంత ఉండేదో అడగడం న్యాయం.

రకానికీ రకానికీ ఉన్న దూరం ఒక్కోసారి ఎంత చిన్న మార్పుతో ఏర్పడుతుందో దారి మధ్యలోని హైలిగెన్‌స్టైన్ అనే ఊరు చూపిస్తుంది. అక్కడ క్లెవెనెర్ పేరుతో పండించే ద్రాక్ష, గెవుర్జ్‌ట్రమినెర్‌కు దాదాపు జన్యుపరమైన కవల. ఆకు, గుత్తి, తొక్క రంగు చూసి విడదీయడం కష్టం. అయినా దాని వైన్‌లో ఆ గుప్పుమనే గులాబి వాసన ఉండదు. టర్పీన్ల తయారీ మొదటి మెట్టును నడిపే డీఎక్స్‌ఎస్ అనే ఎంజైము జన్యువుకూ ద్రాక్షలోని టర్పీన్ల పరిమాణానికీ సంబంధం ఉందని కోల్మార్‌లోని జాతీయ వ్యవసాయ పరిశోధనా కేంద్రపు శాస్త్రవేత్తలు 2009లో ప్రచురించారు. ఆ జన్యువులో వచ్చిన స్వల్పమైన ఉత్పరివర్తనమే, అంటే సహజంగా జరిగిన మార్పే, ఈ రెండింటినీ వేరుచేసిందని భావిస్తున్నారు. పినో కుటుంబం కూడా ఇలాంటిదే: నల్లని పినో నువార్, బూడిద గులాబి రంగు పినో గ్రి, పచ్చని పినో బ్లాఁ వేర్వేరు జాతులు కావు, తొక్క రంగును నియంత్రించే జన్యువుల్లో మార్పులు వచ్చిన ఒకే తీగ రూపాలు. గ్రానైట్‌కూ సున్నపురాయికీ మధ్య రుచి తేడా వెదకడానికి ఏళ్ల అనుభవం కావాలి. క్లెవెనెర్‌కూ గెవుర్జ్‌ట్రమినెర్‌కూ మధ్య తేడాను మొదటి గుక్కలోనే ఎవరైనా పట్టగలరు. నేల గురించి రాసే పుస్తకాల్లో జన్యువులకు ఇంకా ఎక్కువ చోటు దక్కాలి.

ఇక్కడ రుచి చూడడం అనే పనిని గురించి కూడా కొంత చెప్పాలి. నాలుక గుర్తించేవి తీపి, పులుపు, చేదు, ఉప్పు, మాంసరసపు కమ్మదనం మాత్రమే. తక్కిన వందలాది ఛాయలు నోటిలోంచి గొంతు వెనుకగా ముక్కుకు చేరే ఆవిరి వల్ల తెలుస్తాయి. అందుకే వైన్‌ను నోట్లో తిప్పి, కాస్త గాలి పీల్చి, మింగకుండా పాత్రలో ఉమ్మివేసినా రుచి పూర్తిగా అందుతుంది. నూటికి 12 నుంచి 14 పాళ్ల ఆల్కహాలు ఉన్న ఇరవై నమూనాలను మింగుతూ పోతే, పదో గ్లాసు తర్వాత నమోదు చేసిన అభిప్రాయాలకు విలువ ఉండదు. వృత్తి నిపుణులందరూ ఉమ్మివేయడానికి కారణం ఇదే. వాసన గుర్తించడంలో కన్ను చేసే జోక్యం అంతకంటే లోతైనది. బోర్డోలో గిల్ మొరో, ఫ్రెడెరిక్ బ్రొషే, దెనీ దుబూర్దియూ 2001లో ప్రచురించిన ప్రయోగంలో, వాసన లేని ఎరుపు రంగు కలిపిన తెల్లవైన్‌ను 54 మంది వైన్ శాస్త్ర విద్యార్థులకు ఇవ్వగా, వారు దాన్ని ఎర్రవైన్లకు వాడే పదాలతోనే వర్ణించారు. రంగు ఇంతగా తప్పుదారి పట్టించగలిగినప్పుడు, గ్లాసు అందించే ముందు ‘ఇది గ్రానైట్ కొండ మీదిది’ అని చెప్పడం ఎంత పని చేస్తుందో ఊహించడం కష్టం కాదు. అందువల్ల ఈ దారిలో నిజంగా నేర్చుకోదలచినవారు సీసాలకు గుడ్డ చుట్టించి, స్థలం పేరు తెలియకుండా, ఒకే ఏడాది ఒకే రకం వైన్లను పోల్చడం మేలు. చక్కెర తక్కువ ఉన్నవాటితో మొదలుపెట్టి తీయనివాటితో ముగించడం మరో అవసరమైన నియమం. తీపి తర్వాత పులుపు గల వైన్ రుచి కరుకుగా, పలచగా తోస్తుంది.

తీపి ఆల్సాస్ వైన్లలో చాలాకాలంగా గందరగోళానికి మూలం. ఒకే రకం, ఒకే తోట పేరున్న రెండు సీసాల్లో ఒకటి చక్కెర దాదాపు లేనిదిగా, మరొకటి తేటగా తీయగా ఉండడం పరిపాటి అయింది. ఈస్ట్ చక్కెరనంతా ఆల్కహాలుగా మార్చకముందే కిణ్వనం, అంటే పులిసే ప్రక్రియ, ఆగిపోతే ఆ మిగులు ఏర్పడుతుంది. బాగా పండిన పండుతో ఇది మరింత తరచుగా జరుగుతుంది. 2021 పంట నుంచి బుడగలు లేని నిశ్చల వైన్ల సీసా మీద తీపి స్థాయిని తెలపడం తప్పనిసరి చేయడం కొనుగోలుదారుకు జరిగిన పెద్ద మేలు. ఇంతకు భిన్నంగా ఉద్దేశపూర్వకంగా తీయగా చేసే వైన్లు రెండు తరగతులు, వాటిని 1984లో చట్టం నిర్వచించింది: ఆలస్యంగా కోసిన పండుతో చేసేవి మొదటివి, బూజు పట్టిన పండ్లను ఏరి చేసేవి రెండోవి. బొట్రైటిస్ అనే ఆ బూజు తడి వాతావరణంలో పంటను కుళ్లబెట్టే శత్రువు. కానీ ఉదయపు మంచూ మధ్యాహ్నపు ఎండా ఒకదాని తర్వాత ఒకటి వచ్చే శరదృతువులో అది తొక్కకు సూక్ష్మరంధ్రాలు చేసి నీటిని ఆవిరిగా పంపి, చక్కెరనూ ఆమ్లాన్నీ చిక్కబరుస్తుంది, తేనె, ఎండు ఆప్రికాట్ వంటి కొత్త వాసనలనూ తెస్తుంది. వర్షచ్ఛాయలో ఉన్న ఆల్సాస్‌కు అలాంటి శరదృతువు దొరుకుతున్నది.

ఉత్తరం వైపు ఆండ్లో ఊరి మీద ఉన్న కాస్టెల్‌బెర్గ్ ఆరు హెక్టార్లైనా లేని చిన్న కొండ. ఇక్కడి పలకరాయి ఆల్సాస్ తోటల కింద ఉన్న అతి పురాతన శిలల్లో ఒకటి. తర్వాతి కాలంలో పక్కనే పైకి చొచ్చుకొచ్చిన గ్రానైట్ శిలాద్రవపు వేడికి అది మరింత గట్టిపడింది. రీస్లింగ్ వేళ్లు ఇక్కడ పలకల మధ్య సందుల్లోంచి దారి చేసుకుని లోతుకు దిగవలసి ఉంటుంది. దానికి కొద్ది దూరంలోని మిట్టెల్‌బెర్గ్‌హైమ్ ఊరి జోట్జెన్‌బెర్గ్ తోట మరో విధంగా ఆసక్తికరం. గ్రాండ్ క్రూ పేరుతో అమ్మడానికి రీస్లింగ్, గెవుర్జ్‌ట్రమినెర్, పినో గ్రి, మస్కా అనే నాలుగు రకాలకే చట్టం అనుమతినిచ్చింది. సిల్వనెర్‌ను చౌకబారు రకంగా పక్కన పెట్టింది. కానీ ఈ సున్నపు బంకమన్ను వాలు మీద సిల్వనెర్ తరతరాలుగా మేలైన వైన్ ఇస్తున్నదని ఊరివారు పట్టుబట్టగా, 2005లో జోట్జెన్‌బెర్గ్‌కు ప్రత్యేక మినహాయింపు దొరికింది. రకానికీ నేలకూ పొత్తు కుదరడంలో ప్రకృతితో పాటు చట్టం, ధర, ఊరి పట్టుదల కూడా ఉంటాయని ఈ తీర్పు చెబుతుంది. ఏ కొండ మీద ఏది నాటాలో నిర్ణయించిన శతాబ్దాల మానవ ఎంపికను లెక్కలోంచి తీసేస్తే, నేల ప్రభావంగా కనిపించేదాంట్లో ఎంత మిగులుతుందో చెప్పడం కష్టం.

ఆ పొత్తులు ఇప్పుడు మళ్లీ కదులుతున్నాయి. కోల్మార్ పరిశోధకులు ఎరిక్ దుషేన్, క్రిస్తోఫ్ ష్నైడర్ 2005లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, మూడు దశాబ్దాల వ్యవధిలో ఆల్సాస్‌లో చిగురింత, పూత, కోత అన్నీ ముందుకు జరిగాయి, పండు పక్వానికి వచ్చే రోజులు మరింత వేడిగా మారాయి, కోతనాటి రీస్లింగ్ పండు ఇవ్వగల ఆల్కహాలు నూటికి రెండున్నర పాళ్లు పెరిగింది. ఒకప్పుడు వెచ్చని దక్షిణపు వాలును వెదికిన సాగుదార్లకు, ఆలస్యంగా పండించే చల్లని బంకనేలలు ఇప్పుడు అంత చెడ్డవిగా కనిపించడం లేదు. మరోవైపు, పినో నువార్ ఇంతకుముందు తేలికైన, పలచని ఎర్రవైన్‌కే పనికొచ్చేది; అది ఇప్పుడు నిండుగా పండుతుండడంతో, వింట్‌జెన్‌హైమ్ ఊరి హెంగ్స్ట్, బార్ ఊరి కిర్ష్‌బెర్గ్ తోటలకు 2022లో ఎర్రవైన్ కోసం గ్రాండ్ క్రూ అనుమతి లభించింది. ఆ రెండు కొండల కిందా ఉన్న సున్నపు బంకరాయి మారలేదు. దాని మీద నీరు ఆగే కాలమూ, పండు పండే వారమూ మారాయి.